ఒకటో తరగతిలో ఆరుగురు

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆ వారంలో కనిగిరి వైపో, ఉదయగిరి వైపో ఏదైనా మెట్ట ఊరి ఎలిమెంటరీ స్కూలుకు వెళ్తే ఒకటో తరగతి హాజరుపట్టీలో ఐదారు పేర్లే కనబడే బడులు చాలానే ఉన్నాయి. గోడలకు కొత్త రంగులున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కుళాయిలో నీళ్లొస్తున్నాయి. పిల్లలు మాత్రం ఆరుగురు.

ఆ పట్టీ చూసిన వాళ్ల నోట మొదట వచ్చే మాట ఒకటే: "గవర్నమెంటు బళ్లో ఏం చెప్తారు, అందుకే ఎవరూ రారు." రచ్చబండ దగ్గర ఈ మాట గట్టిగా అంటారు, మండల మీటింగుల్లో కాస్త మర్యాదగా అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. అయితే ఇది ముందు జరిగినదాన్ని వెనక్కీ, వెనక జరిగినదాన్ని ముందుకీ పెట్టి చెప్పే మాట. చిన్న ఊళ్లల్లో చదువు చెడి పిల్లలు పోవడం కంటే, పిల్లలు తగ్గి, దాంతో టీచరు పోయి, ఆ తర్వాత చదువు చెడడమే ఎక్కువ.

ముందు పుట్టుకల లెక్క చూడాలి. బడి గురించి మాట్లాడేటప్పుడు దీన్ని ఎవరూ పట్టించుకోరు. 1992-93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 సర్వేకు అది 1.7కు దిగింది. జనాభా తరగకుండా ఉండాలంటే 2.1 ఉండాలి. ఇప్పుడు రాష్ట్రంలో వెయ్యి జనాభాకు ఏటా పుట్టేది 15, 16 మంది. 400 జనాభా ఉన్న పల్లెను తీసుకుంటే ఏడాదికి ఆరుగురు పుడతారు. ఒకటి నుంచి ఐదు దాకా కలిపితే 30 మంది. అంటే ఊళ్లో ఒక్క బిడ్డ కూడా బయటి బడికి వెళ్లకపోయినా ఆ బడి బలం 30 దాటదు. పెళ్లయిన జంటలు హైదరాబాదు, బెంగుళూరు కూలి పనులకు వెళ్లిపోయిన ఊరైతే ఆ 30 కూడా ఉండరు. అందులో సగం మంది ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కితే మిగిలేది 15. ఒకటో తరగతిలో ఆరుగురున్న బడి ఓడిపోయిన బడి కాకపోవచ్చు. ఊళ్లో ఆ ఏడు పుట్టింది ఆరుగురే అయితే ఆ బడికి పిల్లలందరూ వచ్చినట్టే లెక్క. ఈ తేడా తెలియాలంటే హాజరుపట్టీ ఒక్కటే చూస్తే సరిపోదు.

ఇక వ్యాన్ సంగతి. పొద్దున ఏడున్నరకు రామాలయం దగ్గర ఆగే పసుపు వ్యాన్, ఊరికీ మండల కేంద్రంలోని కాన్వెంటుకీ మధ్య ఇరవై ఏళ్లుగా తిరుగుతూనే ఉంది. ఇంగ్లీషు మీడియం కోసమే ఎక్కుతున్నారని చాలాకాలం అనుకున్నారు. సర్కారు బడులకూ ఇంగ్లీషు మీడియం వచ్చింది, ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలూ వచ్చాయి. 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు మొదటి విడతలో 15,715 బడులు బాగుపడ్డాయి. వారంలో ఐదు రోజులు గుడ్డు పెడుతున్నారు. యూనిఫాం, బూట్లు, బ్యాగు ఉచితం. అయినా వ్యాన్ ఆగలేదు.

ఎందుకంటే ఆ నిర్ణయం ఒకటో తరగతిలో జరగడం లేదు. బిడ్డకు మూడేళ్లు నిండగానే జరిగిపోతోంది. ఎలిమెంటరీ స్కూలు చేర్చుకునేది ఒకటో తరగతి నుంచి. కాన్వెంటు నర్సరీ నుంచే చేర్చుకుంటుంది. ఆ మధ్య రెండు మూడేళ్లకు ఊళ్లో ఉన్నది అంగన్‌వాడీ. అక్కడ పాలు, గుడ్డు దొరుకుతాయి కానీ, అది బడి అని తల్లిదండ్రుల్లో చాలామందికి అనిపించదు. "మూడేళ్ల బిడ్డను ఇంట్లో పెట్టుకొని పనికెట్లా పోయేది?" అన్నది పొలం పనికి వెళ్లే తల్లికి మొదటి ప్రశ్న. వ్యాన్ పొద్దున తీసుకెళ్లి సాయంత్రం దింపుతుంది. ఎల్కేజీ, యూకేజీ అయిపోయాక ఆ బిడ్డను తెచ్చి ఊరి బళ్లో ఒకటిలో వేయడమంటే, చూసేవాళ్లకు ఇల్లు చితికిపోయినట్టు ఉంటుంది. పల్లెటూళ్లో పరువు చిన్న విషయం కాదు. మే నెలలో టీచర్లు కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. వాళ్లు తలుపు తట్టే వేళకు నిర్ణయం జరిగి మూడేళ్లవుతుంది.

డబ్బు ఎటు తోస్తే పిల్లలు అటు కదులుతారనడానికి అందరం కళ్లారా చూసిన సాక్ష్యం ఉంది. గ్రామీణ బడులపై జరిగే అసర్ సర్వే ప్రకారం దేశంలో 6-14 ఏళ్ల పల్లె పిల్లల్లో ప్రభుత్వ బడుల్లో ఉన్నవాళ్లు 2018లో 65.6 శాతం. కరోనా తర్వాత 2022లో అది 72.9 శాతానికి ఎగసింది. 2024కు మళ్లీ 66.8 శాతానికి దిగింది. ఆ ఆరేళ్లలో సర్కారు టీచర్లు ఒక్కసారిగా గొప్పగా చెప్పి, ఆనక మానేశారా? కూలి లేక ఫీజు కట్టలేని ఏడు పిల్లలు వచ్చారు, చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే వెళ్లిపోయారు. తల్లుల ఖాతాలో పడే సాయం, 2020లో అమ్మ ఒడిగా మొదలై 2025 జూన్ నుంచి తల్లికి వందనం పేరుతో బిడ్డకు 13,000 చొప్పున వస్తున్నది, ప్రైవేటు బడి పిల్లలకూ వర్తిస్తుంది. పేద తల్లికి అది న్యాయమే. ఊరి బడికి మాత్రం దాని వల్ల పిల్లలు పెరగరు. ఆ డబ్బు ఫీజులో కొంతకు సరిపోతుంది, వ్యాన్ ఎక్కడం కాస్త తేలికవుతుంది.

ఇక్కడిదాకా జరిగింది సంఖ్య తగ్గడం. చదువు చెడడం మొదలయ్యేది దీని తర్వాత, రేషనలైజేషన్, అంటే పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దడం, అనే మాట దగ్గర.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. ఆచరణలో పిల్లల సంఖ్య ఒక గీత కిందికి జారితే ఒక్క ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) మాత్రమే మిగులుతారు. రెండో వాళ్లు సర్‌ప్లస్. అందుకే బదిలీల ఏడాది వచ్చిందంటే టీచర్ల గదిలో ఒకటే టెన్షన్. ఇద్దరు పిల్లలు టీసీ తీసుకున్నా ఒక పోస్టు ఎగిరిపోవచ్చు. దేశంలోని బడుల వివరాలు ఏటా సేకరించే యూడైస్ 2024-25 లెక్కల్లో దేశం మొత్తమ్మీద ఒక్క టీచరే ఉన్న బడులు 1,04,125. అందులో 12,912 బడులతో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఇది 16,347 పోస్టుల మెగా డీఎస్సీ నియామకాలకు ముందటి లెక్క. ఆ భర్తీతో కొన్ని బడులకు రెండో మనిషి వచ్చి ఉండొచ్చు కానీ, గీత గీసే పద్ధతి అదే.

ఒక్క టీచరు అంటే ఏమిటో గడియారం పెట్టి చూస్తే తెలుస్తుంది. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడు, నాలుగు, ఐదుకు వాటితో పాటు పరిసరాల విజ్ఞానం. మొత్తం 18 పాఠాలు. ప్రార్థన, భోజనం, విరామం పోగా రోజుకు మిగిలేది ఐదు గంటలు అనుకుంటే ఒక్కో పాఠానికి 16, 17 నిమిషాలు. అందులోంచే హాజరు యాప్, భోజనం యాప్, ఎంఈవో ఆఫీసు నుంచి ఫోన్, బియ్యం లెక్క. ఒంట్లో బాగాలేక సెలవు పెడితే పక్క ఊరి టీచరో, క్లస్టర్ రిసోర్స్ పర్సనో (సీఆర్పీ) వచ్చి తలుపు తీయాలి. ఈ బళ్లో మూడో తరగతి పిల్లకు చదవడం రాకపోతే, ఆ టీచరు పని చేయలేదని దానికి అర్థం కాదు. రోజుకు పదహారు నిమిషాల తెలుగు మీద వచ్చే ఫలితం అది.

తల్లిదండ్రులు గడియారం చూడరు గానీ సారం పట్టేస్తారు. "ఒక్క సారే గదా, ఐదు తరగతులకు ఏం చెప్తాడు?" అంటారు. ఆ మాటతో ఇంకో ఇద్దరు వ్యాన్ ఎక్కుతారు. వచ్చే లెక్కల నాటికి సంఖ్య ఇంకా దిగుతుంది.

2022 జూన్‌లో వచ్చిన జీవో 117 ఈ చిక్కును వేరే దారిలో విప్పాలని చూసింది. కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే మూడు, నాలుగు, ఐదు తరగతులను అక్కడికి పంపి, సబ్జెక్టు టీచర్ల చేత చెప్పించాలన్నది ఆలోచన. కాగితం మీద చూస్తే మంచిదే. ఊళ్లో జరిగింది వేరు. ఎనిమిదేళ్ల బిడ్డ తారు రోడ్డు దాటి పక్క ఊరికి నడవాలి, ఆరేళ్ల చెల్లెలు ఇక్కడే ఉండాలి. ఇద్దర్నీ వేర్వేరు బళ్లకు పంపే బదులు ఇద్దర్నీ ఒకే వ్యాన్ ఎక్కించడం నయమనుకున్న ఇళ్లు ఉన్నాయి. ఒకటి, రెండు తరగతులే మిగిలిన బడి బడిలా కూడా కనిపించలేదు. 2025లో ఆ విధానాన్ని వెనక్కి తీసుకుని, తరగతికొక టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు మొదలుపెట్టారు. తరగతికొక టీచరు అన్న మాట సరైనదే. అయితే దానికి పిల్లలు ఒకచోట పోగవ్వాలి. మండల కేంద్రానికీ, పెద్ద పంచాయతీకీ అది కుదురుతుంది. ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య నాలుగు కిలోమీటర్ల కంప చెట్లున్న పడమటి మండలాల్లో చిన్న పల్లె బడి, చిన్నదిగానే ఉండాల్సి వస్తుంది.

హైస్కూలు దాకా వస్తే తూకం మారుతుంది. ఇక్కడ బడిని కొలిచేది టెన్త్ పాస్ శాతం. ఫలితాలొచ్చిన రోజున ఒక బడికి శాలువా కప్పుతారు, ఇంకో బడి హెడ్మాస్టరు సంజాయిషీ రాసుకుంటారు. చిన్న బడుల విషయంలో ఈ శాతం ఎంత మోసం చేస్తుందో ఓపిగ్గా చూడాలి.

ఒక జెడ్‌పీ హైస్కూల్లో ఏటా పదిమందే టెన్త్ రాస్తారనుకుందాం. పిల్లలూ టీచర్లూ ఏటా ఒకే స్థాయిలో ఉన్నారు, ఒక్కో బిడ్డ పాసయ్యే అవకాశం 85 శాతం. ఏటా 85 శాతం ఫలితం రావాలి కదా? రాదు, పదిమందిలో ఎనిమిదిన్నర మంది పాసవ్వడం కుదరదు. సంభావ్యత లెక్క వేస్తే, దాదాపు ఐదేళ్లకోసారి పదికి పది మందీ పాసవుతారు, బడి నూరు శాతం జాబితాలోకి ఎక్కుతుంది. ఐదారేళ్లకోసారి ఏడుగురో అంతకన్నా తక్కువో పాసవుతారు, మెమో వస్తుంది. మధ్యలో బళ్లో మారింది ఏమీ లేదు. అదే బళ్లో వందమంది రాస్తే, నూరు శాతమూ రాదు, డెబ్బై శాతానికీ పడదు, ఎప్పుడూ 85 చుట్టూనే తిరుగుతుంది. పదిమందిలో ఒక పిల్లకు పరీక్ష ముందు రోజు జ్వరం వస్తే పది శాతం పోతుంది. వందమందిలో అయితే ఒక శాతం.

అందుకే నూరు శాతం జాబితాలోనూ, అట్టడుగు జాబితాలోనూ చిన్న బడులు కనిపించే అవకాశమే ఎక్కువ. 2025లో రాష్ట్రంలో 1,680 బడులు నూరు శాతం సాధించాయి, 19 బడుల్లో ఒక్కరూ పాసవ్వలేదు. ఆ జాబితాలు చదివేటప్పుడు పక్కన ఎంతమంది రాశారన్న అంకె ఉండాలి. పత్రికల్లో అది సాధారణంగా ఉండదు. ఆ మాటకొస్తే రాష్ట్రం మొత్తం శాతమే 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. రెండేళ్లలో లక్షల మంది మీద అంత ఊగిన అంకెను పట్టుకుని, పదిమంది పిల్లలున్న బడి హెడ్మాస్టరును నిలదీయడం ఏం న్యాయం? ఐదేళ్ల పిల్లల్ని కలిపి ఒకే లెక్కగా చూస్తే ఆ యాభై మంది నుంచి కాస్త నమ్మదగిన మాట వస్తుంది.

ఇంకో సంగతి కూడా ఆ శాతంలో దాగి ఉంది. హైస్కూలుకు చేరే పిల్లలు అప్పటికే జల్లెడ పట్టిన పిల్లలు. గురుకులాలు ప్రవేశ పరీక్ష పెట్టి ఐదో తరగతిలోనే తీసుకుంటాయి. ఆరులో నవోదయ, మోడల్ స్కూలు ఇంకొందరిని తీసుకుంటాయి. ఆడపిల్లలు కొందరు కస్తూర్బాకు వెళ్తారు. ఊరి ఎలిమెంటరీ టీచరు కష్టపడి తయారుచేసిన చురుకైన పిల్లలు ఆ పేరు ఇంకో బడికి తెచ్చిపెడతారు. గురుకులం సీటు వచ్చిందని ఆ టీచరు ఊరంతా స్వీట్లు పంచుతారు. ఆ తర్వాత జెడ్‌పీ హైస్కూలు టెన్త్ శాతాన్ని గురుకులం శాతంతో పోల్చి చూసే పట్టిక వస్తుంది. ఇదో వింత.

ఎదురు దిశలో నడిచే ప్రవాహం కూడా ఒకటుంది, సన్నగానే అయినా. ఒంగోలుతో సహా నాలుగు ట్రిపుల్ ఐటీల్లో సీట్లిచ్చేటప్పుడు హాస్టలు లేని ప్రభుత్వ బడుల పిల్లలకు 4 శాతం మార్కులు అదనంగా కలుపుతారు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షలో నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 వస్తుంది, అదీ సర్కారు, ఎయిడెడ్ బడుల పిల్లలకే. ఈ లెక్క తెలిసిన తల్లిదండ్రులు కొందరు కాన్వెంటు నుంచి తెచ్చి హైస్కూల్లో వేస్తారు. అంటే ఊరు సర్కారు బడిని ముందే కాదనుకోలేదు. ఎక్కడ లాభం కనిపిస్తే అక్కడికి వస్తోంది. మూడేళ్ల వయసులో అలాంటి ఆకర్షణ ఏదీ లేదు, పదమూడేళ్లప్పుడు ఉంది.

మెట్టలో వలస గురించి చెప్పకుండా ఏ బడి లెక్కా పూర్తి కాదు. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి ఊళ్ల నుంచి సంక్రాంతి తర్వాత మిరపకాయల కోతలకు గుంటూరు, పల్నాడు వైపు కుటుంబాలు తరలిపోతాయి. కోతలు ఏప్రిల్ దాకా సాగుతాయి. టెన్త్ పరీక్షలు మార్చిలో, చిన్న తరగతుల సంవత్సరాంత పరీక్షలు ఏప్రిల్‌లో. పంట క్యాలెండరూ బడి క్యాలెండరూ సరిగ్గా అక్కడే ఢీకొంటాయి. కందుకూరు, పొదిలి వైపు అదే నెలల్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్లు వెలుగుతాయి, కర్రలకు ఆకు కట్టే పనికి చేతులు కావాలి. బళ్లో పేరు ఉంటుంది, బిడ్డ ఉండదు. జనవరికి 15 మంది ఉన్న పట్టీలో ఫిబ్రవరిలో 'ఆ' (ఆబ్సెంట్) గుర్తులే ఎక్కువ. వలస ఊళ్లకు సీజనల్ హాస్టళ్ల ఏర్పాటు ఉంది. తల్లి వెళ్లేలోగా అవి తెరుచుకుంటేనే బిడ్డ ఆగుతుంది. తర్వాత తెరిస్తే బిడ్డ అప్పటికే చేను గట్టు మీద ఉంటుంది.

2023, 2024, 2025 మూడేళ్లూ టెన్త్ ఫలితాల్లో రాష్ట్రంలో మొదటి స్థానం పార్వతీపురం మన్యానిది. గిరిజన జిల్లా, పేద జిల్లా. అక్కడ ఆశ్రమ పాఠశాలలు చాలా ఉన్నాయి, పిల్లలు రాత్రి కూడా బడి ఆవరణలోనే ఉంటారు. తల్లిదండ్రులు ఏ పనికి వెళ్లినా బిడ్డ కదలదు. పేదరికం వల్ల చదువు రాదన్న మాటకు ఇది గట్టి జవాబు. బిడ్డ ఒకచోట నిలిచి ఉండడమే సగం చదువని కూడా అనిపిస్తుంది.

వలస వెళ్లని పిల్లలు చాలామంది అవ్వల దగ్గర ఉంటారు. ఈ అవ్వల గురించి ఒక మాట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దిన తరం ఇది. ఆ రాత్రి బడుల వాచకంలోని పాఠం మీద చర్చలోంచే దూబగుంటలో సారా వ్యతిరేక పోరాటం రగిలింది. 1993లో సారా, 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధం దాకా రాష్ట్రాన్ని నడిపించింది. మార్కాపురం పలకలు దేశమంతా వెళ్లిన రోజుల్లో కూడా ఆ పలకల జిల్లా అక్షరాస్యతలో వెనకే ఉంది, 2011 జనాభా లెక్కల్లో ప్రకాశానిది 63.08 శాతమే, నెల్లూరుది 68.9. చదువు విలువ తెలియక కాదు, చదువు ఊళ్లో నిలబడక. బడి కమిటీ మీటింగుకు వచ్చి సంతకం చేసే ఆ అవ్వలకు మనవరాలి హోంవర్కు ఇంగ్లీషులో ఉంటే ఏమీ చేయలేని స్థితి. ఎదుటి పేజీలో తెలుగు ఉండడం పిల్లకు ఎంత పనికొస్తుందో గానీ అవ్వకు బాగా పనికొస్తుంది.

మరి బడి పనితీరు తెలుసుకోవడం ఎలా? చిన్న బళ్లో ఇది పెద్ద బడి కంటే తేలిక, శాతాలు పక్కన పెడితే. 2024 అసర్‌లో దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది 23.4 శాతం. మూడో తరగతిలో ఆరుగురే ఉన్న బళ్లో సర్వే కూడా అక్కర్లేదు. ఒక్కొక్కర్ని పిలిచి పది వాక్యాల కథ చదివిస్తే పావుగంటలో ఆరుగురి సంగతీ తెలిసిపోతుంది. ఎవరు గుణింతం దగ్గర ఆగారు, ఎవరు ఒత్తుల దగ్గర ఆగారు, ఎవరు కోతలకు వెళ్లొచ్చి మర్చిపోయారు అన్నది పేరుపేరునా తెలుస్తుంది. ఆ తర్వాత అడగాల్సింది ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ఐదేళ్ల తర్వాత ఎక్కడున్నారని. వ్యాన్ ఎక్కిందెవరు, గురుకులానికి వెళ్లిందెవరు, బేల్దారి పనికి వెళ్లిన నాన్న వెంట హైదరాబాదు వెళ్లి అక్కడ ఏ బళ్లోనూ చేరనిదెవరు. ఆధార్‌తో ముడిపెట్టిన విద్యార్థి వివరాలు వచ్చాక రెండు బళ్లల్లో ఒకే పేరు ఉండడం తగ్గింది. ఈ జాడ తీయడానికి కావాల్సిన సమాచారం ఇప్పటికే ఉంది. దాన్ని హాజరు శాతం కోసం చూస్తున్నంతగా దీనికోసం చూడడం లేదు.

పోస్టుల లెక్క కూడా తలకిందులు చేసి చూడొచ్చు. ఈ ఏటి బలాన్ని బట్టి రెండో టీచరును తీసేసే ముందు, వచ్చే మూడేళ్లలో ఒకటో తరగతికి రావాల్సిన పిల్లలెందరో చూడొచ్చు. అది ఊహించాల్సిన పని కూడా లేదు. ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డ పేరూ అంగన్‌వాడీ రిజిస్టర్లో రాసి ఉంది. చాలా ఊళ్లల్లో ఆ అంగన్‌వాడీ బడి ఆవరణలోనే, అదే గోడకు ఆనుకుని ఉంటుంది. వేరే శాఖది కాబట్టి ఆ రిజిస్టరు రేషనలైజేషన్ ఫైలు దాకా రాదు.